నీళ్ళ సీమలో ఎడారి బంతి

కోనసీమలో ఒక మొక్క చచ్చిపోయిందంటే నీళ్ళు లేక పోయిందని ఎవరూ అనుకోరు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ. ఊరి చుట్టూ కాలవలు, పొలం చుట్టూ బోదెలు. ఎండు కర్ర పాతినా చిగురు వేస్తుందని మన నేల గురించి పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అలాంటి చోట ఎడారి మొక్కను బతికించడం ఎలా అన్నదే ఈ వ్యాసం.

ఆ మొక్క మీరు చూసే ఉంటారు. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి, జొన్నాడ మీదుగా రాజమండ్రి వైపు వెళ్తుంటే కడియపులంక దగ్గర రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. అక్కడ చిన్న కుండీల్లో గుండ్రంగా, ఒళ్ళంతా పసుపు ముళ్ళతో బంతిలా కూర్చుని ఉంటుంది. దాని పేరు గోల్డెన్ బ్యారెల్ కాక్టస్, అంటే బంగారు పీపా. ఇంగ్లీషు వాళ్ళు సరదాకి దాన్ని 'అత్తగారి మెత్త' అని కూడా అంటారు. ఆ మెత్త మీద ఎవరు కూర్చోవాలని కోరుకున్నారో విడిగా చెప్పక్కర్లేదు.

పుట్టినరోజు కానుకగానో, హాస్టల్ కిటికీలో పెట్టుకోడానికో చాలామంది దాన్ని కొంటారు. అందులో ఎక్కువ మొక్కలు మొదటి వానాకాలం దాటవు. అప్పుడు ఇంట్లోవాళ్ళు "ముళ్ళ మొక్క అచ్చిరాదని చెప్పానా!" అంటారు. అచ్చిరాకపోవడం ఏమీ లేదండి. అది మునిగి చచ్చిపోయింది, అంతే. ఎలా మునిగిందో తెలిస్తే ఎలా బతికించాలో దానంతట అదే తెలుస్తుంది. అది తెలుసుకోడానికి మనం చదివే ఫిజిక్సు చాలు.

పేరు వెనక ఒక ఇంజనీరు

ఈ మొక్క శాస్త్రీయ నామం ఎకినోకాక్టస్ గ్రుసోనియై. 2014లో దీన్ని క్రోన్‌లీనియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు కానీ పాత పేరే ఇంకా ఎక్కువ వాడుకలో ఉంది. ఆ 'గ్రుసోనియై' అన్నది హెర్మన్ గ్రుసన్ అనే జర్మన్ ఇంజనీరు పేరు. 1821లో మాగ్డెబుర్గ్‌లో పుట్టాడు. 1855లో అక్కడే కార్ఖానా పెట్టి, పోత ఇనుమును వేగంగా చల్లార్చి గట్టిపరిచే పద్ధతిలో పేరు తెచ్చుకున్నాడు. కోటలకు అమర్చే ఇనుప కవచాలు పోతపోయడం ఆయన వ్యాపారం. 1893లో ఆ కార్ఖానా క్రుప్ సంస్థ చేతికి వెళ్ళింది.

పగలంతా కొలిమి దగ్గర గడిపే ఆ మనిషికి సాయంత్రమయ్యేసరికి కాక్టస్ పిచ్చి. పెద్ద గాజు ఇళ్ళు కట్టి వందల రకాలు పెంచాడు. అందుకే హిల్డ్‌మన్ అనే మొక్కల వ్యాపారి ఈ మెక్సికో మొక్కకు ఆయన పేరు పెట్టాడు. 1895లో గ్రుసన్ పోయాక ఆ మొక్కలన్నీ నగరానికి దక్కాయి. మరుసటి ఏడు, 1896లో, ఆ గాజు ఇళ్ళను జనం చూడడానికి తెరిచారు. ఇప్పటికీ ఉన్నాయి. మెకానికల్ బ్రాంచి వాళ్ళు గర్వపడొచ్చు.

సొంత ఊరు నీటి పాలు

ఈ మొక్క పుట్టిల్లు మధ్య మెక్సికో. కెరెటారో, ఇదాల్గో రాష్ట్రాల సరిహద్దులో మోక్టెసుమా నది లోతైన లోయ ఒకటి ఉంది. ఆ లోయ నిటారు రాతి గోడలే దీని ఇల్లు. ఎడారి మొక్క అనగానే మనకు సినిమాల్లో చూసిన ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి కానీ, ఇది పెరిగేది ఇసుకలో కాదు, రాళ్ళ సందుల్లో, వాలు మీద. అక్కడా వానలు పడతాయి. మన వానలో సగం కూడా ఉండవు, అదీ కొద్ది నెలలే. పడ్డ వాన రాతి వాలు మీంచి జారిపోతుంది. వేళ్ళు తడుస్తాయి కానీ నానవు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. పెంపకం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1990ల మొదట్లో ఆ నది మీద, సిమపాన్ దగ్గర, జలవిద్యుత్తు కోసం 200 మీటర్లకు పైగా ఎత్తున ఒక వంపు ఆనకట్ట కట్టారు. రెండు గుట్టల మధ్య సన్నని గోడలా నిలబడే ఆ కట్టడం సివిల్ వాళ్ళ కంటికి అందమైనదే. కానీ వెనక నిండిన జలాశయం ఈ మొక్కల సొంత చోటులో పెద్ద భాగాన్ని ముంచేసింది. కొన్ని మొక్కల్ని ముందే పెకలించి తోటలకు తరలించారు. మిగిలినవి మునిగిపోయాయి. దానికి తోడు అడవి మొక్కల్ని దొంగతనంగా తవ్వి అమ్ముకునేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఇది అంతరించే ముప్పున్న జాతి.

మన కోనసీమ కూడా ఒక ఆనకట్ట వల్లే ఇలా ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన పొలాలకు నీరు ఇచ్చింది. కాటన్ దొర బొమ్మ లేని ఊరు మన వైపు తక్కువ. ఒకచోట ఆనకట్ట అన్నం పెట్టింది, ఇంకొకచోట ఆనకట్ట ఒక జాతి ఇంటిని ముంచింది. ఆనకట్టలు మంచివా చెడ్డవా అనే వాదన ఇక్కడ పెట్టుకోను. ఒక నిర్మాణం నీటిని ఎక్కడ ఆపుతుందో, అక్కడ ముందు నుంచి ఎవరు ఉంటున్నారో చూడకుండా డ్రాయింగు పూర్తి కాదని మాత్రం అంటాను.

విచిత్రం ఏమిటంటే, అడవిలో అరుదైపోయిన ఈ మొక్క నర్సరీల్లో మాత్రం లక్షల్లో ఉంది. గింజలతో తేలిగ్గా మొలుస్తుంది కాబట్టి ప్రపంచమంతా పెంచుతున్నారు. మీ కిటికీలో ఉన్న రెండు వందల రూపాయల బంతి అలా వచ్చిందే. అది అలంకారానికి కొన్నదే అయినా, ఇల్లు మునిగిన జాతిలో ఒకటి.

బంతి ఆకారం ఎందుకు?

మామూలు మొక్కకు ఆకులుంటాయి. ఆకు అంటే ఎండకు పరిచిన చాప లాంటిది. ఎక్కువ ఎండ పట్టుకుంటుంది, ఎక్కువ నీరు ఆవిరి చేస్తుంది. మన అరటికి అది చెల్లుతుంది, ఎందుకంటే కింద బోదెలో నీరుంది. నీరు దాచుకోవాల్సిన మొక్కకు చెల్లదు. అందుకే దీని ఆకులు ముళ్ళుగా మారిపోయాయి, కిరణజన్య సంయోగక్రియ పని కాండానికి వచ్చింది. ముళ్ళు మేసే జంతువుల్ని ఆపుతాయి, కాండానికి కాస్త నీడ ఇస్తాయి, గాలి నేరుగా ఒంటికి తగలకుండా చేస్తాయి.

ఇక గుండ్రదనం సంగతి. ఒకే ఘనపరిమాణానికి అతి తక్కువ ఉపరితలం ఉండేది గోళానికే. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళం తీసుకోండి. దాని ఘనపరిమాణం 14 లీటర్ల పైమాటే, ఉపరితలం సుమారు 2,830 చదరపు సెంటీమీటర్లు. అదే 14 లీటర్లు ఘనాకారంలో పెడితే ఉపరితలం 3,500 దాటుతుంది, అంటే దాదాపు 24 శాతం ఎక్కువ. నీరు ఆవిరయ్యేది ఉపరితలం నుంచే కాబట్టి, గోళం అంటే ఖర్చు తక్కువ ట్యాంకు.

అయితే ట్యాంకు ఒకసారి నిండుతుంది, ఒకసారి ఖాళీ అవుతుంది. గట్టి తొక్క అయితే పగిలిపోవాలి. దానికి దీని ఉపాయం పైనుంచి కిందకు ఉండే గట్లు. ముదిరిన మొక్కకు ముప్పై దాకా గట్లుంటాయి. నీరు తాగినప్పుడు హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటాయి, ఎండినప్పుడు ముడుచుకుంటాయి. తొక్క సాగక్కర్లేదు, మడత మారితే చాలు.

వేళ్ళు లోతుగా పోవు, పైపైనే పరుచుకుంటాయి. వాన తగలగానే సన్నని పీచు వేళ్ళు కొత్తగా వేసి గబగబా తాగుతుంది. నేల ఆరాక ఆ పీచు వేళ్ళు రాలిపోతాయి. తాగడం, ఆగడం, మళ్ళీ తాగడం. దాని జీవితం ఈ లయలో నడుస్తుంది.

రణపాల ఆకు చెప్పే రహస్యం

కాక్టస్ చేసే ఇంకో పని తెలుసుకోడానికి మెక్సికో దాకా పోనక్కర్లేదు, సామర్లకోట చాలు. కంపెనీ రోజుల్లో అక్కడ ఒక మొక్కల తోట ఉండేది. విలియం రాక్స్‌బర్గ్ దాన్ని చూసేవాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్ళాక బెంజమిన్ హైన్ అనే ఆయన ఆ బాధ్యత తీసుకున్నాడు. ఈ హైన్ మన దేశంలో ఉండగా రణపాల ఆకును నమిలి ఒక సంగతి గమనించాడు. పొద్దున్నే తింటే పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి ఆ పులుపు పోయింది. ఈ సంగతి రాసి లండన్ లిన్నియన్ సొసైటీకి పంపాడు. అది 1815లో అచ్చయింది.

ఆ పులుపు ఏమిటో తర్వాత తేలింది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, ఆ తెరిచిన తలుపుల్లోంచి నీరు ఆవిరై పోతుంది. రణపాల, కాక్టస్ లాంటివి పగలు తలుపులు మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. అందుకే పొద్దున పులుపు. పగలు తలుపులు మూసి, దాచిన ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసి, ఎండతో పిండిపదార్థం తయారుచేసుకుంటాయి. అందుకే మధ్యాహ్నానికి చప్పదనం. దీనికి క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం అని పేరు.

మీరూ చూడొచ్చు. పెరట్లో రణపాల ఉంటే తెల్లవారుజామున ఒక చిన్న ముక్క కొరికి ఉమ్మేయండి, సాయంత్రం ఇంకో ముక్క. నమలడం ఇష్టం లేకపోతే ఆకు రసాన్ని కెమిస్ట్రీ ల్యాబ్‌లో పీహెచ్ కాగితం మీద పెట్టి చూడండి.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. రాత్రి పని చేసే ఈ పద్ధతి రాత్రుళ్ళు చల్లగా, పొడిగా ఉండే చోట్లకు సరిపోయింది. మన వైపు వానాకాలంలో రాత్రీ ఉక్కే, గాలి నిండా తేమే. అప్పుడు మొక్క నుంచి ఆవిరయ్యేదీ తక్కువ, కుండీ నుంచి ఆరేదీ తక్కువ. అంటే అది తాగదు, మట్టి ఆరదు. మన వాళ్ళు మాత్రం పాపం దాహంగా ఉంటుందేమోనని చెంబుతో పోస్తూనే ఉంటారు. "ఆయ్, ఇంకొంచెం వేసుకోండి" అనే మన మర్యాద ఈ మొక్క దగ్గర చెల్లదండి.

కుండీలో నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయి?

అసలు ప్రశ్నకు వచ్చాం. నీళ్ళు ఎక్కువైతే వేరు ఎందుకు చస్తుంది? వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉండాలి. ఆ సందులు నీటితో నిండితే, నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వేరుకు ఊపిరాడదు. చచ్చిన వేరు మీద ఫైటాఫ్తొరా, పిథియం, ఫ్యుజేరియం లాంటి కుళ్ళు తెగుళ్ళు చేరతాయి. పైన బంతి పచ్చగానే ఉంటుంది. మనకు తెలిసేసరికి లోపల గుజ్జైపోతుంది.

కుండీకి కింద చిల్లు ఉందిగా, నీరు పోదా అంటారు. కొంతే పోతుంది. సన్నని గొట్టంలో నీరు పైకి ఎక్కడం మనం ప్లస్ వన్‌లోనే చదివాం, కేశనాళిక చర్య. గొట్టం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తున నిలబడుతుంది. మట్టి సందులూ గొట్టాలే. సందు వ్యాసం 0.2 మిల్లీమీటర్లు అయితే నీరు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది. 2 మిల్లీమీటర్లు అయితే ఒకటిన్నర సెంటీమీటర్లే. మీ కుండీ ఎత్తు ఎంత? ఎక్కువ భాగం 15 సెంటీమీటర్ల లోపే. అంటే మన ఒండ్రు మట్టి వేస్తే చిల్లు ఉన్నా కుండీ మొత్తం పై దాకా తడిగానే ఉండిపోతుంది. గరుకు రాయి మిశ్రమం వేస్తే అడుగున వేలెడు మందం తప్ప మిగతాది ఆరిపోతుంది.

అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా పోతుందని అందరూ చెప్తారు. అదీ నిజం కాదు. సన్న మట్టి తన సందుల్లో పట్టి ఉంచిన నీటిని కింద ఉన్న పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా వదలదు. అది పూర్తిగా నానేదాకా ఆగి, ఆ తర్వాతే వదులుతుంది. కాబట్టి తడి పొర అడుగు నుంచి పోదు, గులకరాళ్ళు ఎంత ఎత్తుంటే అంత పైకి జరుగుతుంది, వేళ్ళకు ఇంకా దగ్గరగా. మార్చాల్సింది అడుగు పొర కాదు, కుండీ నిండా ఉన్న మట్టినే.

మన ఊళ్ళో దొరికే వాటితో మిశ్రమం

గరుకు ఇసుక రెండు పాళ్ళు, ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు, పిడికెడు కట్టెబొగ్గు ముక్కలు. అంతే.

ఇసుక గోదావరి ఇసుకే అవ్వాలి. అంతర్వేది, ఓడలరేవు వెళ్ళినప్పుడు సంచిలో సముద్రపు ఇసుక తెచ్చుకోవద్దు, అందులో ఉప్పుంటుంది, పైగా మరీ సన్నం. గోదావరి ఇసుకనూ జల్లెడ పట్టి, కింద రాలిన సన్నాన్ని పారేసి, జల్లెడలో మిగిలిన గరుకే వాడాలి. ఇల్లు కట్టేవాళ్ళు చేసేదానికి ఇది తలకిందులు. ఇటుక ముక్కలు సెనగ గింజ నుంచి ఉసిరికాయ గింజ సైజు దాకా కొట్టుకుని, దుమ్ము పోయేలా కడగాలి. ఇటుక లోపల కాస్త తడి పట్టుకుంటుంది, ముక్కల మధ్య గాలి ఉంటుంది. మనకు కావాల్సింది అదే.

కొబ్బరి పొట్టు వాడొద్దు. కోనసీమలో ఈ మాట అంటే అంబాజీపేట వాళ్ళకు కోపం రావచ్చు. పూల మొక్కలకు అది బంగారమే. కానీ తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకునే సరుకు ఈ మొక్కకు తడి దుప్పటి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క చాలాసార్లు ఆ పొట్టులోనో, ఒండ్రు మట్టిలోనో ఉంటుంది. తెచ్చిన వారంలో వేళ్ళ చుట్టూ ఉన్నది మెల్లగా దులిపేసి కొత్త మిశ్రమంలోకి మార్చండి. పట్టుకోడానికి పాత గోనెసంచి నాలుగు మడతలు పెట్టి బంతికి చుట్టుకోండి, చేతులు బతుకుతాయి. నాటాక వారం రోజులు నీళ్ళు పోయొద్దు, తెగిన వేళ్ళు మానాలి.

కుండీ మట్టిదైతే మేలు, గోడల్లోంచి కూడా ఆరుతుంది. మొక్క వ్యాసానికి రెండు వేళ్ళు ఎక్కువ వెడల్పు చాలు. పెద్ద కుండీలో చిన్న మొక్క పెడితే వేరు లేని మట్టంతా తడిగా కూర్చుంటుంది.

కార్తెల ప్రకారం

ఎండ రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా పడాలి. కొబ్బరి చెట్ల కింద పెరడు దీనికి పనికిరాదు, డాబా పనికొస్తుంది. నర్సరీలో నీడ వల కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా డాబా మీద పెడితే తొక్క కాలి తెల్లటి మచ్చ పడుతుంది, అది జన్మలో పోదు. పొద్దుటి ఎండతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో అలవాటు చెయ్యండి. వెలుతురు చాలకపోతే నడినెత్తి పాలిపోయి పైకి సాగుతుంది, గుండ్రదనం పోతుంది.

నవంబరు చివర నుంచి మార్చి దాకా మన వైపు దీనికి మంచి కాలం. ఎండ ఉంటుంది, వాన ఉండదు, రాత్రి చల్లన. పది రోజులకో, రెండు వారాలకో ఒకసారి కింద నుంచి కారేదాకా పోయండి. రోజూ చుక్కలు చల్లడం కంటే అరుదుగా నిండా పోయడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో వారానికి ఒకసారి, సాయంత్రం పూట. రోహిణి కార్తె ఎండకు మాత్రం మధ్యాహ్నం కాస్త నీడ ఇవ్వండి. డాబా నేల వేడి నేరుగా తగలకుండా కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి.

మృగశిర వస్తుంటే కప్పు కిందకు చేర్చాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు వాలుగా పెట్టి, నాలుగు పక్కలా గాలి ఆడనిస్తే చాలు. వెలుతురు రావాలి, వాన రాకూడదు. జూన్ నుంచి అక్టోబరు దాకా నీళ్ళు దాదాపు అక్కర్లేదు. వరుసగా పది పదిహేను రోజులు ఎండ కాసి మిశ్రమం బాగా ఆరితే ఒకసారి పోయొచ్చు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు తుపాను సంగతి ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. హెచ్చరిక వినగానే కుండీ గదిలోకి తెచ్చేయండి. వారం రోజులు చీకట్లో ఉన్నా దానికి ఏమీ కాదు, ఒక రాత్రి వానలో నానితే అవుతుంది.

ఆరిందో లేదో తెలిసేదెలా? ఒక కొబ్బరి ఈనె అడుగు దాకా గుచ్చి పది నిమిషాలుంచి తియ్యండి. తడి తగిలిందా, ఆగండి. ఇంకాస్త లెక్కగా కావాలంటే కుండీని తూచండి. నీళ్ళు పోసి కారడం ఆగాక ఒక బరువు, పూర్తిగా ఆరాక ఒక బరువు రాసి పెట్టుకోండి. ఈ రెండు అంకెలు తెలిస్తే తేదీలతో పని లేదు.

రాజోలు, సఖినేటిపల్లి వైపు సముద్రానికి దగ్గర ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీరు పోస్తే కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది, వేరు దెబ్బతింటుంది. వానాకాలంలో మొక్కను కప్పు కింద పెట్టి, ఆ కప్పు మీంచి జారిన వాన నీటినే డబ్బాల్లో పట్టి దాచండి. వేసవిలో దానికే పోయొచ్చు.

జబ్బు చేస్తే

మొదలు దగ్గర పసుపు, గోధుమ రంగు తిరిగి, నొక్కితే మెత్తగా ఉంటే కుళ్ళు మొదలైనట్టు. వెంటనే పెకలించి, కుళ్ళిన వేళ్ళు శుభ్రమైన కత్తితో ఆరోగ్యమైన తెల్ల కండ కనిపించే దాకా కోసి, గంధకం పొడి అద్ది, నీడలో గాలి తగిలేలా రెండు వారాలు ఆరబెట్టండి. ఆ తర్వాత పొడి మిశ్రమంలో నాటండి. మెత్తదనం సగం పైకి వచ్చేస్తే ఇక ఆశ లేదు. ముదిరిన మొక్క అడుగు భాగం గట్టిపడి గోధుమ రంగుకు రావడం మాత్రం జబ్బు కాదు, అది చెట్టు బెరడు లాంటిదే.

గట్ల మధ్య తెల్ల దూది ముద్దలు కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో అద్ది తుడవండి, వారం ఆగి మళ్ళీ చెయ్యండి. అయితే నడినెత్తిన ఉండే పసుపు నూగు పురుగు కాదు, పూలు పుట్టే చోటు. దాన్ని గోకకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

ఆకుపచ్చ కాండం మీద ఎర్రటి, పసుపు బంతి అతికించినట్టున్న మొక్కలూ నర్సరీలో ఉంటాయి. అవి వేరు. పైన ఉన్నది పత్రహరితం లేని మొక్క, సొంతంగా తిండి చేసుకోలేదు. కింద ఉన్నది సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం, దానికి అంటు కట్టారు. ముచ్చటగా ఉంటాయి కానీ ఎక్కువ కాలం నిలవవు. మన పొలం గట్ల మీద ఉండే పాలుగారే జెముళ్ళు కాక్టస్‌లే కావు, యుఫోర్బియా కుటుంబం. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. నాగజెముడు మాత్రం నిజమైన కాక్టస్సే, అయితే అదీ అమెరికా నుంచి వచ్చిందే.

గోల్డెన్ బ్యారెల్ కొనేటప్పుడు కుండీలో కొద్దిగా కదిపి చూడండి, గట్టిగా ఉండాలి. మొదలు దగ్గర వేలితో నొక్కండి, మెత్తబడకూడదు. పెద్దది ఒక్కటి కొనేకంటే నిమ్మకాయంత మొక్కలు రెండు కొంటే తక్కువ ఖర్చు, మన వాతావరణానికి అవే బాగా అలవాటు పడతాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది తొందరపడే మొక్క కాదు. ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. నడినెత్తిన పసుపు పూలు రావాలంటే ఇరవై ఏళ్ళ దాకా పట్టొచ్చు, కుండీలో అసలు రాకపోవచ్చు కూడా. ఫస్టియర్‌లో నిమ్మకాయంత మొక్క కొంటే బీటెక్ పూర్తయ్యేసరికి బత్తాయి దాటుతుంది. అప్పుడు ఉద్యోగానికి వెళ్తూ దాన్ని ఒక జూనియర్‌కి అప్పగించండి. ఆ రెండు బరువుల చీటీ కుండీకి కట్టి ఇవ్వండి. దాని కింద పెద్ద అక్షరాలతో ఇంకో ముక్క రాయండి: "మృగశిరకి లోపల పెట్టు."